నీళ్లు ఖాతా రాసుకుంటాయి, గాలి బాకీ తీరుస్తుంది

(సొంతంగా కంప్యూటర్లు కూర్చుకునే అభిరుచి ఉన్నవారు విశాఖపట్నం ద్వారకానగర్‌లో కలుసుకున్నప్పుడు, కంప్యూటర్‌ను ఫ్యాను లేకుండా నీళ్లతో చల్లబరచడం కుదురుతుందా అన్న విషయం మీద చేసిన ప్రసంగానికి రాత రూపం. సభికుల ప్రశ్నలు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు చిన్న కోరిక. గోడ పక్కన కూర్చున్న బాబూ, స్విచ్ బోర్డు నీ చేతికి అందుతుంది కదా, పైన తిరుగుతున్న ఫ్యాన్లన్నీ ఒక్క రెండు నిమిషాలు ఆపు. ఏసీ లేని హాలు తీసుకున్నందుకు నిర్వాహకులను మీరంతా మనసులో తిట్టుకుంటున్నారని తెలుసు. నాకు మాత్రం సరిగ్గా ఇలాంటి హాలే కావాలి.

(ఫ్యాన్లు ఆగాయి.)

ఇప్పుడు వినండి. ఇందాక వినిపించనివి ఎన్ని వినిపిస్తున్నాయో చూడండి. ప్రొజెక్టర్ గురగుర. కింద రోడ్డు మీద ఆటో. వెనక వరుసలో ఎవరిదో ల్యాప్‌టాప్... దానితో ఏదో పెద్ద పనే చేయిస్తున్నట్టున్నారు, ఈల వేస్తోంది. (నవ్వులు) ఇంకాసేపు ఆగితే మరొకటి తెలుస్తుంది. అది చెవులకు కాదు, మెడ వెనక తెలుస్తుంది. మే నెల, సముద్రం పక్క ఊరు, పట్టిన చెమట ఆరదు. సరే బాబూ, వేసెయ్యి. అందరూ నా వైపు చూసే చూపులు బాగాలేవు.

నేను చెప్పదలచుకున్నది సగం ఈ రెండు నిమిషాల్లోనే అయిపోయింది. నిశ్శబ్దం కావాలంటే గాలి ఆపాలి. గాలి ఆపితే వేడి కదలదు. ఈ తగవు మధ్యలోకి నీళ్లను తెచ్చి కూర్చోబెడితే ఏమవుతుందనేదే మిగతా సగం.

నేను కంప్యూటర్ల మనిషిని కాను. ముప్పై ఏళ్లు కండెన్సర్లు, పంపులు, కూలింగ్ టవర్ల మధ్య గడిపిన మెకానికల్ ఇంజినీరును. రిటైరయ్యాక మా ఆవిడ కథలు చదివి రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, పడకగదిలో ఒక మూల, గోడకు పాత బొంతలు. రికార్డింగ్ అంటే ఏసీ ఆపాలి, ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి. అన్నీ ఆపాక గదిలో శబ్దం చేసేవి రెండే మిగిలాయి, నేనూ నా కంప్యూటరూ. నేను బయటికి వెళ్లిపోయాను. కంప్యూటర్ వెళ్లలేదు. "ఏమండీ, మీ డబ్బా నా కథలోకి వచ్చేస్తోంది" అంది. ఆ మాటతో ఈ నీళ్ల వ్యవహారంలోకి దిగాను. దిగాక లోతు తెలిసింది.

మొదట ఒక అపోహ తీసేద్దాం. ప్రాసెసర్, అంటే కంప్యూటర్లో లెక్కలు చేసే చిప్పు, తినే కరెంటంతా చివరికి వేడే. లెక్కలు చేసిపెట్టింది కదా అని అందులో ఏమీ తగ్గదు. 100 వాట్లు తినే చిప్పు 100 వాట్ల హీటరు. ఇంటెల్ కోర్ ఐ9 14900కే అనే ప్రాసెసర్ పూర్తి వేగంలో 253 వాట్ల దాకా లాగుతుందని తయారీదారే చెబుతాడు. తెర మీది బొమ్మలను గీసే ఎన్విడియా 4090 గ్రాఫిక్స్ కార్డు 450 వాట్లు. రెండింటినీ ఒకేసారి పరిగెత్తిస్తే ఒక చిన్న ఇస్త్రీ పెట్టెను బల్ల కింద పెట్టుకున్నట్టే. నీళ్లతో చల్లబరచినా, గాలితో చల్లబరచినా ఆ వేడి చేరేది మీ గదిలోకే. వాటర్ కూలింగ్ అంటే, పంపు తిప్పే నీళ్లు చిప్పు దగ్గర వేడిని తీసుకుని గొట్టాల్లో పోయి, రేడియేటర్ అనే రెక్కల పెట్టె దగ్గర గాలికి వదలడం. అది పెట్టించాక గది చల్లగా ఉంటుందనుకుని డబ్బు పెట్టినవారు నాకు తెలుసు. వారి పేర్లు చెప్పను, ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు.

ఇక అసలు సంగతి. నీళ్లు చల్లబరుస్తాయని మనం అలవాటుగా అంటాం. మూసిన గొట్టాల్లో తిరిగే నీళ్లు ఏమీ చల్లబరచవు. అవి వేడిని తీసుకుంటాయి, మోస్తాయి, కాసేపు దాచుకుంటాయి. ఆ పనిలో వాటికి సాటి లేదు. లీటరు గాలి ఒక డిగ్రీ పెరగడానికి తీసుకునే వేడి కంటే లీటరు నీళ్లు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ తీసుకుంటాయి. అందుకే 1960లలోనే ఐబీఎం తన పెద్ద యంత్రాలకు నీటి గొట్టాలు తగిలించింది. గూగుల్ 2018 నుంచి తన సొంత ఏఐ చిప్పుల్లో పెద్దవాటిని ద్రవంతో చల్లబరుస్తోంది. ఆ కంపెనీ 2025 అక్టోబరులో మన విశాఖలో ఏఐ కేంద్రానికి 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది కాబట్టి, ఈ నీళ్ల కబుర్లు ముందు ముందు మన ఊళ్లో ఇంకా వింటారు. అంత పెద్ద చోటైనా, మా బల్ల కింద డబ్బా అయినా నీళ్లు చేసే పని ఒకటే. వీధి చివర కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటివి నీళ్లు. వేడిని రాసుకుంటాయి. తీర్చవలసింది మాత్రం చివరికి గాలే. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఫ్యాను ఉండాలా వద్దా అనే ప్రశ్న, ఆ బాకీ ఎప్పుడు తీర్చాలి, ఎంత తొందరగా తీర్చాలి అనే ప్రశ్నగా మారిపోతుంది.

ఫ్యాను లేకుండా తీర్చడం ఎలాగో చూద్దాం. మీలో చాలామంది పరవాడ వైపు వెళ్లే ఉంటారు. సింహాద్రి థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు చాలా దూరం నుంచే కనిపిస్తాయి, నడుము సన్నగా ఉన్న పెద్ద కాంక్రీటు గాదెల్లా. వాటిలో ఫ్యాన్లు లేవు. లోపల వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, కింద నుంచి కొత్త గాలి వచ్చి చేరుతుంది. అంతే. కానీ ఆ 'అంతే' కోసం వాటిని సుమారు 165 మీటర్ల ఎత్తు కట్టవలసి వచ్చింది. అదే మామూలు కర్మాగారాల్లో చూడండి, రెండు మూడు అంతస్తుల ఎత్తు టవరు, నెత్తి మీద పెద్ద ఫ్యాను, పక్కన నిలబడితే మాట వినపడదు. ఫ్యాను వద్దనుకుంటే దాని ధర ఎత్తులోనూ వైశాల్యంలోనూ కట్టాలి. ఆ టవర్లలో నీళ్లు కొంత ఆవిరై పోతాయి, మన కంప్యూటర్లో నీళ్లు బయటికి రావు, ఆ తేడా ఉంది. గాలి తనంతట తాను లేవాలంటే చోటు కావాలన్న సంగతిలో తేడా లేదు.

కంప్యూటర్లకూ అలాంటి టవర్లు వచ్చాయి. ఇరవై ఏళ్ల క్రితం కొరియా కంపెనీ జాల్‌మన్ 'రిజరేటర్' అని ఒకటి తెచ్చింది. రెండడుగుల ఎత్తు అల్యూమినియం స్తంభం, చుట్టూ నిలువు రెక్కలు, కడుపులో రెండున్నర లీటర్ల నీళ్లు, అడుగున చిన్న పంపు. ఫ్యాను లేదు. దాన్ని కంప్యూటర్ పక్కన నేల మీద నిలబెట్టేవారు. చూడటానికి ఎంత బాగుంటుందో! అలాంటి తరహా స్తంభం ఒకటి ఒక మిత్రుడి అటక మీద దొరికింది. తెచ్చుకున్నాను. ఆశ కలిగింది. తర్వాత లెక్క వేశాను. నిజానికి లెక్క ముందు వేయాలి.

కదలని గాలిలో, ఒక చదరపు మీటరు లోహపు ఉపరితలం, గాలి కంటే ఒక డిగ్రీ వేడిగా ఉంటే, గాలి ద్వారానూ వికిరణం ద్వారానూ కలిపి వదలగలిగేది సుమారు 5 నుంచి 10 వాట్లు. 7 అనుకుందాం. నీళ్లను 45 డిగ్రీల దగ్గర ఉంచాలనుకుందాం. 60 దాటితే పంపులకూ గొట్టాలకూ మంచిది కాదు, పైగా చిప్పు నీళ్ల కంటే మరో పాతిక ముప్పై డిగ్రీలు పైన ఉంటుంది. ఇప్పుడు యూరప్‌లో ఎవరో ఒకాయన, గది 20 డిగ్రీలు. ఆయనకు తేడా 25. ఆయన 200 వాట్లు వదిలించుకోవడానికి సుమారు 1.15 చదరపు మీటర్లు చాలు. ఆయన సంతోషంగా వీడియో చేసి పెడతాడు. మనం ఇక్కడ కూర్చుని అది చూస్తాం. మన గది మే నెలలో 33. మనకు మిగిలిన తేడా 12. అదే 200 వాట్లకు 2.4 చదరపు మీటర్లు కావాలి. అంటే మన ఇంటి తలుపు రెక్క ఒక వైపు వైశాల్యం కంటే ఎక్కువ. పరికరం అదే, నీళ్లు అవే, మనిషి తెలివీ అంతే. ఊరు మారింది.

దీనికి తోడు, తేడా తగ్గేకొద్దీ గాలి లేచే వేగం కూడా తగ్గుతుంది. అందువల్ల నేను చెప్పిన 7 కూడా అక్కడ పెరుగుతుంది, ఇక్కడ తరుగుతుంది. మన పరిస్థితి ఆ లెక్క చూపించిన దాని కంటే కొంచెం అధ్వానమే.

అయినా స్తంభం బిగించాను. ప్రాసెసర్‌కూ చిన్న గ్రాఫిక్స్ కార్డుకూ కలిపి 120 వాట్ల దాకా. ఆశ్చర్యం! నీళ్లు 41 దగ్గర నిలబడ్డాయి. నా లెక్క తప్పిందా అని రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడో రోజు మా ఆవిడ రికార్డింగ్‌కు కూర్చుంది. ఫ్యాను ఆపింది, కిటికీలు మూసింది. గంటన్నర తర్వాత చూస్తే 50. అప్పుడు పైకి చూశాను. (నవ్వులు) ఇంతకాలం నా 'ఫ్యాను లేని' కంప్యూటర్‌ను చల్లబరుస్తున్నది నెత్తి మీద తిరిగే ఫ్యానే. 48 అంగుళాల ఫ్యాను! కదలని గాలి, మెల్లగా కదిలే గాలి — రెండింటి మధ్య తేడా అంతా ఇంతా కాదు. మన ఇళ్లలో మార్చి నుంచి అక్టోబరు దాకా ఫ్యాన్‌లెస్ అనేదే లేదు. ఫ్యాను డబ్బాలో లేదు, కప్పుకు ఉంది. ఏసీ గదిలో కూర్చునేవారికీ ఇదే వర్తిస్తుంది, లోపలి యూనిట్లో తిరిగేది ఏమిటి మరి?

ఇక్కడ నేను ఓటమి ఒప్పుకుని ఆగిపోవలసింది. కానీ ఆ 50 కంటే, ఆ గంటన్నర నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. 41 నుంచి 50కి పోవడానికి అంతసేపు పట్టిందన్నమాట. గాలితో మాత్రమే చల్లబరిచే ప్రాసెసర్‌కు ఫ్యాను ఆపి చూడండి, కొద్ది నిమిషాల్లో కేకలు పెడుతుంది. ఇక్కడ ఖాతా పెద్దది. రెండున్నర లీటర్ల నీళ్లలోకి 100 వాట్లు పోస్తూ, బయటికి ఒక్క వాటు కూడా పోకుండా ఆపినా, అవి నిమిషానికి పెరిగేది 0.6 డిగ్రీ లోపే. ఇరవై నిమిషాలకు పదకొండున్నర డిగ్రీలు. రికార్డింగ్ సమయంలో కంప్యూటర్ చేసేది పెద్ద పనేమీ కాదు, 40 వాట్లు అనుకోండి, అప్పుడు ఇరవై నిమిషాలకు 5 డిగ్రీలు కూడా పెరగదు. మా ఆవిడ ఏకబిగిన ఇరవై నిమిషాల కంటే ఎక్కువ చదవదు. గొంతు తడుపుకోవాలి, నీళ్లు తాగాలి. ఆవిడ నీళ్లు తాగే సమయంలో నా నీళ్లు బాకీ తీర్చుకుంటే చాలు.

అంటే నిశ్శబ్దం రోజంతా అక్కరలేదు. కావలసినప్పుడు, కావలసినంతసేపు ఉంటే చాలు. ఫ్యాను ఉండాలి. ఉండి, అడిగినప్పుడు ఆగిపోవాలి. ఆగినంతసేపు నీళ్లు కాపు కాయాలి. ఇది తట్టాక స్తంభాన్ని మళ్లీ మిత్రుడి అటక ఎక్కించి, మూడు ఫ్యాన్లు పట్టే పెద్ద రేడియేటర్ రెండు తెచ్చాను.

రెండెందుకు? దీనికి ఫ్యాన్ల లెక్క ఒకటి ఉంది, ఇది మాత్రం రాసుకోండి. ఒక ఫ్యాను నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతోంది. దాని బదులు అలాంటివే రెండు పెట్టి 600 చుట్లు తిప్పండి. వచ్చే గాలి మొత్తం మీద అంతే. చప్పుడు చూడండి. వేగం సగమైతే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాన్లు రెండయ్యాయి కాబట్టి 3 పెరుగుతుంది. నికరంగా 12 లాభం. 10 తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. కరెంటు కూడా చూడండి, వేగం సగమైతే ఫ్యాను తినేది ఎనిమిదో వంతు, రెండూ కలిపి నాలుగో వంతు. లాభమే తప్ప నష్టం లేని బేరాలు ఇంజినీరింగ్‌లో చాలా అరుదు. దీనికి నష్టం చోటు రూపంలో ఉంది, డబ్బు రూపంలో ఉంది. అయినా ఫ్యాను పూర్తిగా తీసేయడానికి కట్టే ధరతో పోలిస్తే ఎంతో తక్కువ. సున్నా చుట్ల నుంచి 500 చుట్లకు వెళితే చల్లదనంలో వచ్చే మార్పు చాలా పెద్దది, చప్పుడులో వచ్చే మార్పు మీ ఊపిరి చప్పుడు కంటే చిన్నది. చాలామంది ఆ మొదటి 500 చుట్లను వదులుకుని పంతానికి పోతారు. నేనూ పోయాను.

మెల్లగా తిప్పదలచుకుంటే రేడియేటర్ రెక్కలు దూరం దూరంగా ఉన్నది తీసుకోండి. దగ్గర దగ్గరగా, మందంగా ఉన్నవి జోరుగా వీచే ఫ్యాన్లకు పనికొస్తాయి. నెమ్మది గాలి వాటిలో దూరలేదు.

ఫ్యాన్ల వేగాన్ని దేని మీద ఆధారపడి మార్చాలి? మదర్ బోర్డు, అంటే భాగాలన్నీ కూర్చునే పలక, మామూలుగా ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూసి మారుస్తుంది. నీళ్ల వ్యవస్థకు అది తప్పు. ఒక వెబ్ పేజీ తెరిచినా ప్రాసెసర్ ఒక్క క్షణంలో ఇరవై డిగ్రీలు ఎగురుతుంది, మరుక్షణం దిగుతుంది. దానితో పాటు ఫ్యాన్లు ఊఁ అని లేచి, ఉస్సురని కూర్చుంటాయి. ఒకే తీరుగా ఉండే చప్పుడును చెవి మరిచిపోతుంది, లేస్తూ పడుతూ ఉండే చప్పుడును మరవదు. నీళ్లలో ఒక సెన్సర్ పెట్టి, ఫ్యాన్లను దానికి అప్పగించండి. నీళ్లు నిదానస్థులు. చిప్పు చిందులను పట్టించుకోవు. నాది 42 దాకా ఫ్యాన్లు తిరగవు. 42 దాటితే 500, 46 దాటితే 700. అంతకు పైన ఇంతవరకు అవసరం రాలేదు, రోహిణి కార్తెలో కూడా.

ఇక పంపు. ఫ్యాను లేని వాటర్ కూలింగ్ అమ్మేవారు మాట్లాడనిది దీని గురించే. ఫ్యాన్లన్నీ తీసేసినా పంపు తిరుగుతూనే ఉంటుంది. దాని చప్పుడు గాలిలో వినపడదు, క్యాబినెట్ ద్వారా బల్లలోకి పాకుతుంది, చెక్క బల్ల దాన్ని వీణ కుండలా పెద్దది చేసి పలుకుతుంది. నేను మొదటి రాత్రి ఆ మూలుగు ఎక్కడి నుంచో తెలియక ఫ్రిజ్‌ను అనుమానించాను. మందు చాలా చవక, పంపు కింద మెత్తటి స్పాంజి, బల్ల మీద నుంచి దించి నేల మీద పెట్టడం. రెండోది, వేగం తగ్గించండి. ఎక్కువమంది వాడే డీ5 రకం పంపులకు వేగం మార్చుకునే వీలు ఉంటుంది. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే 200 వాట్లకు నీళ్లు ఒక చుట్టులో 0.7 డిగ్రీ వేడెక్కుతాయి. 2 లీటర్లకు తగ్గిస్తే 1.4. ముప్పావు డిగ్రీ నష్టానికి మూలుగు మాయమవుతుంది. నీళ్లు వరద గోదావరిలా పారాలనే పట్టుదల మనకెందుకు?

పంపే లేకుండా చేయలేమా అంటే, సూత్రం మీ మేడ మీదే ఉంది. సోలార్ హీటర్‌లో పంపు ఉండదు, వేడి నీళ్లు తమంతట తామే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. ఫోర్డ్ మోడల్ టీ కార్ల ఇంజన్లు కూడా అలాగే చల్లబడ్డాయి. నౌకాదళం ఉన్న ఊళ్లో ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. బీచ్ రోడ్డులో మనం పిల్లలకు చూపించే కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. నీళ్ల అడుగున అది బ్యాటరీల మీద నడిచేది, డీజిల్ ఇంజన్లు ఆపేసి, చప్పుడు లేకుండా. అదే 1969లో అమెరికా నార్వాల్ అనే అణు జలాంతర్గామిని తన నౌకాదళంలో చేర్చుకుంది. అణు రియాక్టరును డీజిల్ ఇంజనులా ఆపలేరు, దానికి చల్లదనం ఎప్పుడూ కావాలి, పెద్ద పంపుల చప్పుడు శత్రువుకు వినపడుతుంది. అందుకని రియాక్టరులో నీళ్లు వేడికి తమంతట తామే తిరిగేలా కట్టారు. అంతటివారు నిశ్శబ్దం కోసం పడిన పాట్లు చూశాక, నా పాట్లు నాకు సిగ్గనిపించలేదు. అయితే మన కంప్యూటర్‌కు ఆ దారి కుదరదు. పది డిగ్రీల తేడాతో సన్నని గొట్టాల్లో నీళ్లను తోయగల బలం రాదు.

ఉప్పు గాలి గురించి. సముద్రానికి దగ్గరగా ఉన్న మేడల మీద ఏసీ బయటి యూనిట్లను చూశారా? నాలుగైదేళ్లకు వాటి అల్యూమినియం రెక్కలు వేలు తగిలితే పొడిపొడిగా రాలతాయి. గదిలో ఉన్న రేడియేటర్‌కు అంత ప్రమాదం లేదు కానీ కిటికీ పక్కన పెట్టకండి. మన దుమ్ములో తేమ ఉంటుంది, అది రెక్కల మధ్య పిండిలా అతుక్కుంటుంది. రెండు నెలలకొకసారి మెత్తటి కుంచె.

లోపలి తుప్పు ఇంకా దొంగది. ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాక్ రాగిది. నేను మొదట ఒక దుకాణంలో చవకగా వచ్చిందని అల్యూమినియం రేడియేటర్ తెచ్చాను. "ఏం ఫరవాలేదు సార్" అన్నారు. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో కలిస్తే అది బ్యాటరీ అవుతుంది, అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. ముప్పై ఏళ్లు కండెన్సర్ గొట్టాల తుప్పు మీద నివేదికలు రాసిన మనిషిని, ఆ సంగతి నాకు గుర్తుండాలి. ఎనిమిది నెలలకు గొట్టాల్లో తెల్లటి గంజి లాంటిది తేలింది. తప్పు దుకాణం వారిది సగం, నాది ముప్పావు. (నవ్వులు) అన్నీ రాగి, ఇత్తడి జాతివే వాడండి. డిస్టిల్డ్ వాటర్ పోయండి, అందులో తుప్పునూ నాచునూ ఆపే మందు కలపండి. బోరు నీళ్లు వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు ఆ జాతివే. అయితే డబ్బా మీద రాసింది చదివి తెచ్చుకోండి, పక్కనే యాసిడ్ కూడా అమ్ముతారు.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. నీళ్లు వేడి తీసుకునేది ప్రాసెసర్ నుంచీ, మీరు బ్లాక్ పెడితే గ్రాఫిక్స్ కార్డు నుంచీ. మదర్ బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు మార్చి ఇచ్చే భాగాలు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ, పని సాగేటప్పుడు గుర్తుంచుకునే ర్యామ్, కరెంటు అందించే పెట్టె ఎస్‌ఎంపీఎస్ — ఇవన్నీ ఇంతకాలం ఫ్యాన్ల గాలిలో తమ వాటా తీసుకుని బతికాయి. ఫ్యాన్లన్నీ తీసేస్తే వాటి సంగతి ఎవరు చూస్తారు? ప్రాసెసర్ 60 దగ్గర హాయిగా ఉంటుంది, దాని పక్క భాగాలు 100 దగ్గర మాడుతుంటాయి. ఫ్యాను లేని యంత్రాల్లో నేను విన్న కష్టాల్లో ఎక్కువ ఇక్కడి నుంచే. ఒక్క ఫ్యాను 400 చుట్లతో క్యాబినెట్‌లో తిరిగినా ఈ బాధ పోతుంది.

కాబట్టి నా మాట ఇది. 65 వాట్ల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు లేదు, రాసుకోవడం, లెక్కలు, పాటలు — దీనికి ఫ్యాను లేకుండా చేసుకోవచ్చు, కానీ అప్పుడు నీళ్లు దేనికి? మంచి లోహపు దిమ్మ చాలు. నాక్చువా అనే కంపెనీ 2021లో తెచ్చిన ఎన్‌హెచ్-పీ1 కిలో పైచిలుకు బరువుతో ఆ పనే చేస్తుంది, పంపు లేదు, కారడం లేదు. యాపిల్ 2020 చివరలో తెచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు, వేడే తక్కువ పుట్టించింది కాబట్టి. అంతకు మించిన వాట్లు ఉంటే, మన ఊళ్లో, ఫ్యాను తప్పదు. ఈ రెండింటి మధ్య ఫ్యాను లేని వాటర్ కూలింగ్ రెంటికీ చెడ్డ రేవడి. నీళ్ల ఖర్చు, కారుతుందేమోనన్న భయం, పంపు మూలుగు అన్నీ ఉంటాయి, చల్లదనం మాత్రం వాతావరణం దయ. చలి ఊళ్లో ఉండేవారు నా మాట వినక్కర్లేదు. అరకులో కాపురం పెడితే డిసెంబరులో నేనే మాట మారుస్తాను.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక సభికుడు: మట్టి కూజా చెమ్మగిల్లి నీళ్లను చల్లబరుస్తుంది కదా. అలా నీళ్లను ఆవిరి చేసి గది కంటే చల్లగా చేయలేమా?)

చేయవచ్చు, సింహాద్రి టవర్లు చేసేది అదే. అయితే కర్నూలులో కూజా నీళ్లు పళ్లు జివ్వుమనిపిస్తాయి, మన ఊళ్లో కూజా నీళ్లు కూజాలో ఉన్నాయని చెప్పుకోవలసిందే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంది, ఇంకా ఆవిరిని ఎక్కడ పెట్టుకుంటుంది? పైగా ఆ తేమ మీ మదర్ బోర్డు ఉన్న గదిలోకే చేరుతుంది. వద్దు.

(ఒక విద్యార్థిని: ఏసీ గదిలో పెడితే గొట్టాల మీద నీటి చుక్కలు పడతాయా సార్?)

పడవమ్మా. మూసిన గొట్టాల్లో తిరిగే నీళ్లు గది గాలి కంటే చల్లగా ఎప్పటికీ కావు, కాబట్టి చెమర్చడానికి వీలు లేదు. చిల్లరు, అంటే ఫ్రిజ్‌లా నీళ్లను చల్లబరిచే యంత్రం, పెట్టి గది కంటే చల్లగా చేస్తేనే ఆ ప్రమాదం. కాకపోతే ఒకటి, రాత్రంతా ఏసీలో చల్లబడి ఆగి ఉన్న యంత్రం, పొద్దున్నే కిటికీలన్నీ తెరిచారు. ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారతాయి చూడు, అదే జరుగుతుంది. ఆ చెమ్మ ఆరేదాకా ఆగి స్విచ్ వెయ్యి.

(మరొక సభికుడు: ఇంత శ్రమ ఎందుకండీ? కంప్యూటర్‌ను పక్క గదిలో పెట్టి, గోడకు కన్నం పెట్టి కేబుల్ లాగితే సరిపోదా?)

(నవ్వులు, చప్పట్లు)

మా ఆవిడ మొదటి రోజే ఈ మాట అంది. రికార్డింగ్ స్టూడియోల్లో చేసేదీ అదే. నేనే వినలేదు, ఇంజినీరును కదా. పక్క గది మా అమ్మది. అమ్మకు ఎనభై నాలుగు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే లేచి కూర్చుంటుంది, వేడికి కాదు, చప్పుడు లేకపోతే ఆవిడకు నిద్ర పట్టదు. పోయిన వారం మొహమాటంగా అడిగాను, "అమ్మా, నీ గదిలో కంప్యూటర్ పెట్టనా, కొంచెం శబ్దం చేస్తుంది" అని. "రాత్రిళ్లు కూడా చేస్తుందా?" అంది. ఫ్యాన్లు 1,200 చుట్ల మీద పెట్టమంటోంది. కేబుల్ కొన్నాను, కన్నం ఇంకా పెట్టలేదు.